గాజు ఎందుకు వెనకబడింది?

ఒక లోహపు గాజు, ఒక క్యారమ్ స్ట్రైకర్, ఒక గోలీ. మీటరు పొడవున్న చెక్కపలకకు ఒక వైపు రెండు పుస్తకాలు ఎత్తు పెట్టి, పై అంచున ఈ మూడింటినీ దొర్లడానికి వీలుగా వరసన నిలబెట్టి, ముందు స్కేలు అడ్డం పెట్టాలి. స్కేలు చటుక్కున తీసేస్తే ఏది ముందు కిందికి చేరుతుంది? తిరుపతి, చిత్తూరు వైపు ఇంటర్ క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది స్ట్రైకర్ పేరే చెబుతారు. "బరువుండేదే ముందు పోతాది సార్" అన్నది వాళ్ళ లెక్క.

గెలిచేది గోలీ. దాని వెనకే స్ట్రైకర్. గాజు బాగా వెనకబడుతుంది. గోలీ మీటరు దూరం పూర్తిచేసే క్షణానికి స్ట్రైకర్ సుమారు 93 సెంటీమీటర్ల దగ్గర, గాజు 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. పిల్లలు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. గాజు తేలిక కాబట్టి ఓడిపోయిందంటారు. సరే, నాలుగు గాజులు కలిపి టేపు చుట్టి దొర్లించమనండి. అప్పుడూ 70 దగ్గరే. చంటిపిల్ల గాజు తీసేసి పెద్దవాళ్ళ గాజు పెట్టినా అంతే. గోలీ బదులు స్టీలు బేరింగు గుండు పెట్టినా అది గోలీతో సమానంగానే దిగుతుంది. పలక మరీ నిటారుగా లేకుండా, వస్తువులు జారకుండా దొర్లుతున్నంత వరకు బరువు మార్చినా, సైజు మార్చినా ఈ వరస చెదరదు. ఈ పందెంలో గెలుపోటములను తేల్చేది, వస్తువు సైజుతో పోలిస్తే పదార్థం ఇరుసుకు ఎంత దూరంలో సర్దుకుని ఉందన్న సంగతి ఒక్కటే.

కిందికి దిగే ప్రతి వస్తువుకూ ఎత్తు వల్ల కొంత శక్తి చేతికొస్తుంది. దాన్ని అది రెండు పనులకు పంచాలి: ముందుకు కదలడానికి కొంత, తన చుట్టూ తాను తిరగడానికి కొంత. గాజులో లోహమంతా అంచునే ఉంటుంది. గాజు ముందుకు ఎంత వేగంతో పోతున్నదో, ఇరుసు చుట్టూ ఆ అంచులోని ప్రతి రవ్వా అంతే వేగంతో తిరగాలి. అందువల్ల చేతికొచ్చిన శక్తిలో సరిగ్గా సగం తిరుగుడుకే ఖర్చవుతుంది. స్ట్రైకర్‌లో నడిమి భాగం కూడా నిండుగా ఉంది. నడిమధ్య ఉన్న పదార్థం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి తిరుగుడు ఖర్చు మూడో వంతుకు తగ్గుతుంది. గోలీలో పదార్థం ఇరుసుకు ఇంకా దగ్గరగా ఉంటుంది, దానికయ్యే ఖర్చు ఏడింట రెండు వంతులు. మిగిలినదంతా పరుగుకే.

తిరగమన్నప్పుడు వస్తువు చూపే ఈ మొండితనానికి మన పాఠ్యపుస్తకాల్లో పేరు జడత్వ భ్రామకం. ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త 1765లో అచ్చయిన గ్రంథంలో దానికి పేరు పెట్టి, లెక్కకు కుదిరించాడు. ప్రతి రవ్వ ద్రవ్యరాశినీ అది ఇరుసుకు ఉన్న దూరపు వర్గంతో గుణించి, అన్నిటినీ కూడాలి. గాజుకు ఎమ్మార్ స్క్వేర్, స్ట్రైకర్‌కు అందులో సగం, గోలీకి అయిదింట రెండు వంతులు. మన పిల్లలకు ఇవి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఎంట్రన్సు పరీక్షల కోసం అంతగా రుద్దిస్తాం. కానీ ఆ ఒకటి, సగం, అయిదింట రెండు అన్నవి పలక మీద జరిగిన పందెంలో వచ్చిన ర్యాంకులని చెప్పేవాళ్ళు తక్కువ. సూత్రం కంటే ముందు పలక రావాలన్నది నా గట్టి అభిప్రాయం. దానికయ్యే ఖర్చు ఎంత? గాజు ఎవరి చేతికైనా ఉంటుంది.

సూత్రంలో అసలు బలమంతా ఆ 'వర్గం'లో ఉంది. దాన్ని చేతికి తెలిసేలా చేయాలంటే సైకిల్ షాపుకు పోయి పాత ముందు చక్రం ఒకటి అడిగి తెచ్చుకోవాలి. టైరు, ట్యూబు పీకేసి, రిమ్ము గాడిలో రెండు కిలోల కట్టుడు తీగ బిగుతుగా చుట్టండి. ఇరుసు పట్టుకుని, చేత్తో రిమ్మును తోసి తిప్పండి. మొదట కదలనంటుంది, కదిలాక ఆగనంటుంది. ఇప్పుడు ఆ తీగనే విప్పి నడిమి హబ్బుకు చుట్టండి. చక్రం బరువులో గ్రాము తేడా లేదు. కానీ వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది, వేలు ఆనిస్తే నిలబడుతుంది. రిమ్ము ఇరుసుకు 30 సెంటీమీటర్ల దూరం, హబ్బు మీద తీగ 3 సెంటీమీటర్ల దూరం అనుకుంటే దూరం తగ్గింది పది రెట్లు, తీగ చూపే మొండితనం తగ్గింది వంద రెట్లు. ఈ వందను నల్లబల్ల మీద చూసిన పిల్లవాడికీ, అరచేతిలో చూసిన పిల్లవాడికీ చాలా తేడా ఉంటుంది.

ఈ సంగతి ఆయిలర్ కంటే వేల ఏళ్ళ ముందే కుమ్మరులకు తెలుసు. పలమనేరు మట్టిబొమ్మలకు పేరున్న ఊరు. ఇప్పుడు చాలాచోట్ల కరెంటు చక్రాలు వచ్చాయి కానీ, పాతకాలపు సారె కట్టుబడి చూడదగ్గది. కొయ్య ఆకులు బిగించి, వాటి చివర చుట్టూ దళసరిగా మట్టి మెత్తి బరువైన అంచు చేస్తారు. మధ్యలో పెద్ద బరువేమీ ఉండదు. అంచు దగ్గరి గుంటలో కర్ర ఆనించి నాలుగు తిప్పులు తిప్పితే, ఆ తర్వాత కుమ్మరి రెండు చేతులూ మట్టి మీదే పెట్టి పని చేసుకోవచ్చు. తడిమట్టిని వేళ్ళతో నొక్కుతున్నంత సేపూ ఆ ఒత్తిడి చక్రాన్ని ఆపాలనే చూస్తుంది. బరువు అంచున ఉండబట్టే సారె దానికి లొంగదు. కుండ గోడ ఒకే మందాన లేస్తుంది. అదే మట్టిని ఇరుసు దగ్గర కుప్పగా పెట్టి ఉంటే, తోసిన ప్రతిసారీ నాలుగు చుట్లకే నిలిచిపోయేది, కుండ వంకరపోయేది.

చిత్తూరు చుట్టుపక్కల చెరకు గానుగ ఆడేచోట ఆయిల్ ఇంజన్ చూసినవాళ్ళకు దాని రెండు పక్కలా ఉండే ఇనుప చక్రాలు గుర్తుండే ఉంటాయి. బరువంతా అంచుకే పోతపోసినవి. ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కలిపి నాలుగుసార్లు కదిలితే అందులో ఒక్కసారే డీజిల్ మండి తోపు వస్తుంది. మిగతా మూడుసార్లు పిస్టన్‌ను ఈడ్చుకుపోయేది ఆ చక్రాలే. స్టార్ట్ చేసే మనిషిని గమనించండి. ముందు లివరు ఎత్తి పట్టి, సిలిండరులో గాలి నొక్కుకోకుండా చేసుకుని, హ్యాండిల్ తిప్పుతూ పోతాడు. చక్రాలు ఊపందుకున్నాక లివరు వదులుతాడు. ఒక్కసారిగా గాలిని అణిచి డీజిల్ మండించే శక్తి ఏ మనిషి భుజానికీ లేదు; అరనిమిషం పాటు కొంచెం కొంచెంగా చక్రంలో దాచిన శక్తి ఒక్క దెబ్బలో ఆ పని చేసిపెడుతుంది. చెరకుగడ అడ్డంపడి రోలర్లు మూలిగినప్పుడు ఇంజన్ ఆగకుండా కాచేదీ అదే. ఫిజిక్స్ చెప్పే మాస్టారు పిల్లల్ని ఒక పూట గానుగ దగ్గరికి తీసుకుపోతే చాలా లాభం. తాగడానికి చెరకురసం కూడా దొరుకుతుంది.

ఇక తిరిగే కుర్చీ. కాలేజీ లేబులో అలాంటి స్టూలు లేకపోతే ఆఫీసు రూములో చక్రాల కుర్చీ ఉండనే ఉంటుంది. రాసుకోకుండా తిరిగేలా బేరింగుకు నూనె వేసుకోవాలి. ఒకరిని కూర్చోబెట్టి, రెండు చేతుల్లో లీటరు నీళ్ళ బాటిళ్ళు పెట్టి, చేతులు బారచాపమని, మెల్లగా తిప్పి వదిలేయాలి. "ఇప్పుడు లోపలికి లాక్కో" అనగానే వేగం పెరుగుతుంది. మళ్ళీ చాపితే తగ్గుతుంది. ఎవరూ తాకలేదు, ఎవరూ తోయలేదు. లెక్క వేసుకోవచ్చు: మనిషీ, కుర్చీ పైభాగం కలిపి జడత్వ భ్రామకం 2 అనుకుందాం, యూనిట్లు కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్. బాటిళ్ళు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అవి కలిపేది 1.28. గుండెల దగ్గరికి, 20 సెంటీమీటర్లకు తెస్తే 0.08. మొత్తం 3.28 నుంచి 2.08కి పడిపోయింది. జడత్వ భ్రామకాన్ని కోణీయ వేగంతో గుణిస్తే వచ్చే కోణీయ ద్రవ్యవేగాన్ని బయటివాళ్ళెవరూ మార్చలేదు కాబట్టి, వేగం ఒకటిన్నర రెట్లు దాటాలి. చేతుల బరువు కూడా లోపలికి వస్తుంది కనుక నిజానికి ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది.

తెలివైన పిల్లలు ఇక్కడ అడ్డు తగులుతారు. వేగం పెరిగితే శక్తి పెరిగినట్టే కదా, ఆ శక్తి ఎక్కడిది? మంచి ప్రశ్న. జవాబు అడిగినవాళ్ళ కండల్లోనే ఉంది. కుర్చీలో కూర్చుని తిరుగుతూ బాటిళ్ళను లోపలికి లాగితే, అవి బయటికి లాక్కుపోతున్నట్టు తెలుస్తుంది. దాన్ని ఎదిరించి లాగాలి. ఆ చేసిన పనే తిరుగుడులో కలుస్తుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు, శక్తి మారవచ్చు. ఈ రెండు వేర్వేరు ఖాతాలన్న సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పెద్ద అవసరం పడుతుంది.

కుర్చీలో జరిగినదే భూమికీ జరుగుతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చి, సునామీ మన తీరాన్ని కూడా తాకినప్పుడు, భూమి లోపల అపారమైన రాతి భాగం కొద్దిగా ఇరుసు వైపు సర్దుకుంది. దానివల్ల రోజు నిడివి 2.68 మైక్రోసెకన్లు తగ్గి ఉంటుందని నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సెకనులో పది లక్షలో వంతు మైక్రోసెకను. కొలతకు అందనంత చిన్న తేడా, కానీ సూత్రానికి అందింది.

ఇప్పుడు తీగ చుట్టిన సైకిల్ చక్రాన్ని మళ్ళీ తీసుకుందాం, తీగ రిమ్ముకే ఉండాలి. ఇరుసుకు రెండు వైపులా పట్టుకోవడానికి పిడులు బిగించండి. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి చేతికి, వేగంగా తిరుగుతున్న చక్రాన్ని ఇరుసు నిలువుగా ఉండేలా ఇవ్వండి. అతను దాన్ని తలకిందులు చేస్తే, కుర్చీతో సహా తానే తిరగడం మొదలుపెడతాడు. మళ్ళీ మొదటిలా పెడితే ఆగిపోతాడు. చక్రం పోగొట్టుకున్న కోణీయ ద్రవ్యవేగాన్ని మనిషి మోయవలసి వచ్చింది. దీన్ని చూసి నవ్వని క్లాసు ఉండదు.

ఆకాశంలో ఉపగ్రహాలు ఇదే పని చేస్తాయి. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న పోయిన ఆస్ట్రోశాట్ టెలిస్కోపులు ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి మళ్ళాలంటే, అక్కడ ఆనుకోవడానికి నేల లేదు, తోయడానికి గాలి లేదు. దాని కడుపులో మోటార్లతో తిరిగే చక్రాలున్నాయి. చక్రం ఒక వైపు వేగం పుంజుకుంటే ఉపగ్రహం రెండో వైపు మెల్లగా మళ్ళుతుంది. ఇలాంటి చక్రాలకూ బరువును అంచునే పెడతారు, కుమ్మరి సారె లాగే. మోసుకుపోయే ప్రతి కిలోకూ లెక్క చెప్పాల్సిన చోట, తక్కువ బరువుతో ఎక్కువ జడత్వ భ్రామకం రాబట్టాలంటే వేరే దారి లేదు.

శ్రీహరికోట పాత నెల్లూరు జిల్లాది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు అదీ ఈ జిల్లాలోకి వచ్చింది. కాబట్టి మన జిల్లా పిల్లలకు భ్రమణ చలనం ఊరి పాఠమే అనుకోవచ్చు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్ రోహిణి 125. చిన్న సౌండింగ్ రాకెట్. దారి సరిదిద్దే యంత్రాంగం లేని ఇలాంటి రాకెట్లకు తోక రెక్కల్ని కొంచెం ఏటవాలుగా బిగించే పద్ధతి ఉంది. గాలి తగలగానే రాకెట్ తన చుట్టూ తాను తిరుగుతుంది. నాజిల్ వెంట్రుకవాసి వంకరున్నా, తిరుగుతూ పోతుంది కనుక ఆ వంకర ఒక్కో క్షణం ఒక్కో దిక్కుకు తోసి, చివరికి చెల్లుకు చెల్లు అవుతుంది. పైగా తిరిగే వస్తువు ఇరుసు ఓ పట్టాన దిక్కు మార్చదు. దీన్ని చూడాలంటే సైకిల్ చక్రం ఇరుసు ఒక కొసకు తాడు కట్టి వేలాడదీసి, గట్టిగా తిప్పి వదలండి. కింద పడాల్సిన చక్రం నిలువుగానే ఉండి, తాడు చుట్టూ నింపాదిగా ప్రదక్షిణ చేస్తుంది. బరువు దాన్ని లాగుతూనే ఉంది. కానీ ఆ లాగుడంతా ఇరుసు దిక్కును పక్కకు జరపడానికే సరిపోతోంది. చక్రాన్ని ఎంత జోరుగా తిప్పితే ప్రదక్షిణ అంత నెమ్మదిస్తుంది.

అయితే ఏ ఇరుసు మీద తిప్పినా ఒకటేనా? ఒక నోట్‌బుక్కుకు రబ్బరుబ్యాండ్లు వేసి, తెరుచుకోకుండా చేసి గాలిలోకి ఎగరేయండి. అట్ట మీది బొమ్మ మనకేసి చూస్తూ బల్లపరుపుగా తిరిగేలా వేస్తే చక్కగా తిరిగి వస్తుంది. పొడవు వెంట ఇరుసు పెట్టి వేసినా ఫర్వాలేదు. కానీ అడ్డం వెంట ఇరుసు పెట్టి, పై అంచు కిందికి వచ్చేలా పల్టీ కొట్టిస్తే, ఎంత జాగ్రత్తగా వేసినా మధ్యలో పక్కకు మెలిక తిరుగుతుంది. జడత్వ భ్రామకం అన్నిటికంటే ఎక్కువున్న ఇరుసూ, అన్నిటికంటే తక్కువున్న ఇరుసూ నమ్మదగ్గవి. మధ్యది కాదు.

అమెరికా తన మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1ను 1958 జనవరి 31న పంపినప్పుడు, ఇంజనీర్లు ఆ రెండో నమ్మకం మీద ఆధారపడ్డారు. అది సుమారు రెండు మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న సన్నటి గొట్టం. పొడవు ఇరుసు మీద నిమిషానికి 750 చుట్లు తిప్పి వదిలారు. జడత్వ భ్రామకం అతి తక్కువగా ఉండే ఇరుసు అది. కొన్ని గంటలు గడిచేసరికి సంకేతాలు తేడాగా రాసాగాయి. గొట్టం తన పొడవు ఇరుసును వదిలేసి, తల ఒక వైపు తోక ఒక వైపు పల్టీలు కొడుతోంది. అంతరిక్షంలో దాన్నెవరు కదిపారు?

కుర్చీ దగ్గర చూసిన రెండు ఖాతాలు ఇక్కడ పనికొస్తాయి. ఎక్స్‌ప్లోరర్ నడుముకు నాలుగు వంగే తీగ యాంటెన్నాలున్నాయి. ఉపగ్రహం రవ్వంత ఊగినా అవి వంగి లేచేవి. ప్రతి వంపులోనూ కొంచెం శక్తి వేడిగా మారి పోయింది. కోణీయ ద్రవ్యవేగం మాత్రం ఎక్కడికీ పోలేదు, తీసుకునేవాడు బయట లేడు. ఆ ఖాతా అలాగే ఉండి శక్తి ఖాతా తరిగిపోతుంటే, వస్తువుకు మిగిలిన దారి ఒకటే: జడత్వ భ్రామకం ఎక్కువున్న ఇరుసుకు మారి, నెమ్మదిగా తిరగడం. కుర్చీలో పిల్లవాడు చేతులు లాక్కుని జడత్వ భ్రామకం తగ్గించుకుంటే శక్తి పెరిగింది. ఇక్కడ శక్తి తరిగితే జడత్వ భ్రామకం పెరగవలసి వచ్చింది. వంగనిదీ, ఊగనిదీ అయిన వస్తువు పుస్తకంలోనే ఉంటుంది. నిజమైన వస్తువుకు చివరికి నిలకడైన ఇరుసు ఒక్కటే, జడత్వ భ్రామకం గరిష్ఠంగా ఉండేది.

ఆ తర్వాత తిప్పి నిలబెట్టే ఉపగ్రహాల విషయంలో ఈ జాగ్రత్త నియమమైపోయింది. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట తిరుగుతూ నిలకడగా ఉండే రకమే. యు.ఆర్.రావు ఆధ్వర్యంలో బెంగళూరు పీణ్యాలోని షెడ్లలో తయారై, 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద కాపుస్తిన్ యార్ నుంచి ఎగిరింది. బరువు 360 కిలోలు. లోపల దాచిన గ్యాసును చిన్న నాజిళ్ళ గుండా చిమ్మి దాన్ని తిప్పేవారు. సంకేతాలు అందుకున్న కేంద్రాల్లో శ్రీహరికోట ఒకటి. కరెంటు సరఫరాలో లోపం వచ్చి లోపలి ప్రయోగాలు కొద్ది రోజుల్లోనే ఆగిపోయాయి కానీ, కట్టడం సంగతికి వస్తే అది పొడుగాటి గొట్టం కాదు. 26 ముఖాలున్న గుండ్రటి పెట్టె, ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. నిలువు ఇరుసు మీద తిరిగినప్పుడు పదార్థం వీలైనంత దూరానికి పరుచుకుని ఉండే ఆకారం. 1979లో పోయిన భాస్కర కూడా దాదాపు ఆ పోలికే.

క్లాసులో దీన్ని చూపడానికి మోడల్ అక్కర్లేదు. ఇంట్లో ఎవరి బీరువాలోనో పాత రెండు రూపాయల నోటు ఉంటుంది, ఒకప్పటి నోటు వెనక ఆర్యభట బొమ్మ అచ్చయింది. అది తెచ్చి పిల్లల చేతికిచ్చి, ఇది ఏ ఇరుసు మీద తిరిగి ఉంటుందో, ఎందుకో చెప్పమని అడగండి. గాజు పందెం చూసిన పిల్లలు చెప్పేస్తారు.